సైనికుని విడుదల పుస్తకము – అందలి తప్పులు

(ముండ్లమూరు పఠనమందిరమున మేము చేసిన ప్రసంగపాఠము)



2024వ సంవత్సరము డిసెంబరు నెలలో మీ ముండ్లమూరు మండలమునను, ప్రక్కనున్న తాళ్లూరు మండలమునను భూమి పలుమార్లు స్వల్పముగ కంపించినది. జనులు బిడ్డల నెత్తుకొని వీధులలోనికి పరుగెత్తిరి. కొన్ని క్షణములకు కంపము తీరినది, ఇండ్లు నిలిచినవి. నేడు మేము ముచ్చటింప వచ్చినది మఱియొక విధమగు కంపమును గూర్చి. దానికి చప్పుడు లేదు. ఇంటి యజమాని గతించిన పిమ్మట, ట్రంకుపెట్టె యడుగున దాచిన చిన్న పుస్తకమును వెలికిదీసి చూచినప్పుడు, అందున్న పేరు తన పేరు కాదని యిల్లాలు తెలిసికొనును. ఆనాడు కదలునది గోడ కాదు, ఆమె జీవనాధారము.

ఆ పుస్తకమే డిశ్చార్జి పుస్తకము. సిపాయి కొలువు విడిచి వచ్చునాడు సైన్యమువారు అతనికి దాని నిత్తురు. సేవాసంఖ్య, హోదా, పుట్టినతేది, చేరినతేది, విడిచినతేది, విడుదలకు కారణము, శరీరారోగ్యశ్రేణి, నడవడి, పతకములు, గుఱుతులు, భార్యాబిడ్డల వివరములు అందుండును. ఇంటికి వచ్చిన సైనికుడు పతకములను గోడకు తగిలించి, పుస్తకమును పెట్టెలో నుంచును. పతకము నూరిలో నందఱును చూతురు. పుస్తకము నెవరును చదువరు. కష్టము వచ్చునాడు పలుకవలసినది పుస్తకము, పతకము పలుకదు.

ఈ తప్పులు ఎట్లు పుట్టునో ముందుగ విచారింతము. ద్వేషముచేత పుట్టినవి బహుస్వల్పము. మన ఆచారము నెఱుగని వ్రాయసగాని కలమునుండియు, అతని యాచారము నెఱుగని మన సంకోచమునుండియు పుట్టినవే పెక్కు. తెలుగువారికి ఇంటిపేరు ముందు, తన పేరు వెనుక. ఉత్తరదేశపు గుమాస్తాకు ముందున్నదే అసలు పేరు. కావున ఇంటిపేరు మనిషి పేరగును. మనిషి పేరు వంశనామ మగును. సుబ్బారావు ‘సుబా రావ్’ అగును. ఒత్తక్షరము పోవును, దీర్ఘము కుఱుచ యగును. పదునెనిమిదేండ్ల పల్లెకుఱ్ఱవాడు, తెలియని భాషలో గద్దించుచున్న హవల్దారు నెదుట నిలిచి, ‘అయ్యా, నా పేరున ఒత్తు పోయినది’ అని చెప్పగలడా?

పుట్టినతేదీల సంగతి మీ రెఱుగనిది కాదు. బడిలో చేర్చునాడు పంతులుగారు జూలై 1 అని వ్రాసికొనిరి. తల్లి మాత్రము ఫలానా కఱవు తరువాతి సంక్రాంతికి పుట్టెనని చెప్పును. స్త్రీల పేర్లు ఇంకను చిక్కు. పుట్టింట చిట్టెమ్మ, అత్తవారింట లక్ష్మి, పెండ్లి శుభలేఖలో లక్ష్మీకాంతమ్మ. భర్త సరిహద్దునుండి పంపిన కాగితములో ఏ పేరు వ్రాసెనో ఆ పేరే సైన్యపు పట్టికలో నిలిచినది. ఆధార్ వచ్చిననాడు ఆమె చెప్పిన పేరు వేఱొకటి.

ఈ సీమకు ప్రత్యేకమైన కారణ మింకొకటి కలదు. ఊరు కదలలేదు గాని జిల్లా కదలినది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా యేర్పడు వఱకు దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు నెల్లూరు జిల్లాలోనివి. మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. ఒంగోలు గుంటూరు జిల్లాలోనిది. 1972లో ఈ జిల్లాకు ప్రకాశముపంతులుగారి పేరు వచ్చినది. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. 1966లో సైన్యమున చేరిన దర్శిసీమ యువకుని చిరునామా ‘నెల్లూరు జిల్లా’. నేడు అతని యిల్లాలి చేతనున్న కాగితము ‘ప్రకాశం జిల్లా’. ఒకే గడప, ఒకే వేపచెట్టు. కాగితముమీద రెండు దేశములు. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములందును ఇట్లే. గిద్దలూరు, కంభము పల్లెలనుండి సైన్యమునకు బోయినవారు పెక్కురని జిల్లా యంతయు నెఱుగును గావున, ఈ చిక్కు ఒకరిద్దఱిది కాదు.

చిన్నతప్పునకు ఇంత చింత యేల యని మీ రడుగవచ్చును. సైనికుడు జీవించియున్నంత కాలము ఆ తప్పు నిద్రించును. పింఛను నెలనెలకు వచ్చుచుండును. పింఛను ఉత్తరువులో భార్య పేరు, పుట్టినతేది సరిగ నున్నచో, ఆయన మరణానంతరము మరణధ్రువపత్రము చూపినంతనే కుటుంబపింఛను మొదలగుటకు దారి యుండును. పేరు సరిపడకున్నచో ఆమె తాను తానే యని నిరూపింపవలెను. డెబ్బదియేండ్ల వృద్ధురాలు, భర్త పదునొకండవ దినము గడువకమునుపే, తన పేరునకు సాక్షులను వెదకుకొనవలెను. భర్త బ్రతికియున్నచో ఒక్క సంతకముతో తీరు పని, ఆయన పోయిన మఱునాడు నూఱు తిరుగుళ్ల పని యగును.

పుట్టినతేది యుండకున్నను నష్టమే. ఎనుబదియేండ్లు నిండినవారికి పింఛనుపై నూటికి 20 వంతులు, ఎనుబదియైదునకు 30, తొంబదికి 40, తొంబదియైదునకు 50, నూఱేండ్లు నిండినవారికి నూటికి నూఱు అదనముగ నీయబడును. కుటుంబపింఛను పొందు స్త్రీకిని ఈ హక్కు కలదు. కాని పట్టికలో ఆమె పుట్టినతేది యున్న చోటు ఖాళీయైనచో, ఆమెకు ఎనుబదియేండ్లు ఎన్నడు నిండినవో ప్రభుత్వమున కెట్లు తెలియును? ఆమె తల నెఱసినది గాని కాగితము నెఱయలేదు.

ఇది బీద సిపాయికి మాత్రమే పట్టిన గతి యని తలపకుడు. మన సైన్యాధిపతియైన జనరల్ వి. కె. సింగ్ గారికే రెండు పుట్టినతేదీలుండెను. బడిలో నుండగా సైనికవిద్యాలయమునకు నింపిన దరఖాస్తులో 1950 మే 10 అనియు, మెట్రిక్యులేషను పత్రమున 1951 మే 10 అనియు నుండెను. సైన్యప్రధానకార్యాలయమున ఒక శాఖ ఒక యేటిని, మఱియొక శాఖ వేఱొక యేటిని దశాబ్దములపాటు కాపాడుచు వచ్చినవి. ప్రభుత్వము 1950నే నిలిపెను. ఆయన 2012 జనవరిలో సుప్రీంకోర్టున కెక్కి, ఫిబ్రవరిలో తన యర్జీని మరలించుకొని, మే 31న పదవి విడిచెను. సేనాపతి కలమే దిద్దలేకపోయిన యంకెను ముండ్లమూరు సిపాయి ముదిమిలో దిద్దుకొనగలడా? చేరునాడు వ్రాయించిన పుట్టినతేదీని కడపట మార్పుటకు కార్యాలయములు గాని న్యాయస్థానములు గాని సామాన్యముగ నొప్పుకొనవు. సైన్యమున నున్న మీ కుమారులకు ఈ మాట నేడే వ్రాయుడు.

దేశాంతరములను చూడుడు. ఇంగ్లాండులో మొదటి మహాయుద్ధపు సిపాయిల సేవాపత్రములు 1940 సెప్టెంబరులో బాంబుల మంటలలో నూటికి అఱువది వంతులవఱకు కాలిపోయినవి. అమెరికాలో 1973 జూలై 12న సెయింట్ లూయీ నగరసమీపమున సైనికపత్రశాల దగ్ధమై, కోటి అఱువదిలక్షలకు పైగా దస్త్రములు నశించినవి. వానికి నకళ్లు లేవు. అచ్చట విడుదలపత్రములోని తప్పును దిద్దుకొనుటకు వేఱుగ సంఘమొకటి, వేఱుగ దరఖాస్తు ఒకటి కలవు. 1946లోనే అందుకు చట్టము చేసిరి. తప్పు సహజమనియు, దిద్దుబాటు హక్కనియు ఆ చట్టమునందలి భావము.

మన తెలుగువారి పేర్ల చరిత్ర ఇంకను విషాదకరము. 19వ శతాబ్దాంతమున ఆంగ్లసేనాపతులు, రాబర్ట్సు ప్రభువు మొదలగువారు, ఆంధ్రులు యుద్ధయోగ్యులు కారని నిర్ణయించి పదాతిదళములనుండి తొలగించిరి. మద్రాసు రెజిమెంటే రెండు మహాయుద్ధముల నడుమ రద్దయి, రెండవ మహాయుద్ధమున మరల పుట్టినది. యుద్ధమృతుల స్మారకసంఘము 2021లో ప్రకటించిన నివేదికలో, మొదటి మహాయుద్ధమున బ్రిటిషు సామ్రాజ్యముకొఱకు మరణించిన ఆఫ్రికా, ఆసియా దేశీయులలో లక్షకుపైగా జనుల పేర్లు ఎచ్చటను చెక్కబడకయే పోయినవని యొప్పుకొనెను. నాడు పేరే లేదు. నేడు పేరున్నది, తప్పుగ నున్నది. స్వతంత్రదేశము తన సిపాయి పేరును సరిగ వ్రాయుట గొప్ప ఉపకారము కాదు, కనీసధర్మము.

ఇక దిద్దుబాటు మార్గము. మొట్టమొదట తప్పు ఎచ్చట నున్నదో తెలిసికొనవలెను. ఇది తెలియక పరుగులిడుటచేతనే పెక్కుమంది అలసిపోవుచున్నారు. సైన్యపు రికార్డు ఆఫీసులో ‘షీట్ రోల్’ అను మూలపట్టిక యుండును. పెండ్లి, బిడ్డల పుట్టుక మున్నగునవి ‘పార్ట్ టూ ఆర్డరు’ల ద్వారమున అందెక్కును. డిశ్చార్జి పుస్తకము దాని నకలు మాత్రమే. కావున తప్పు మూడువిధములు.

మూలము సరియై నకలు తప్పినచో అది కార్యాలయపు తప్పు; మూలము చూచి వారే సవరింపగలరు. మూలమే తప్పినచో ప్రమాణపత్రము, బడిపత్రము, వివాహధ్రువపత్రము మున్నగు సాక్ష్యములు కావలెను. కొన్నియెడల పత్రికాప్రకటనయు నడుగుదురు. మూలమును నకలును రెండును సరియై ఆధార్ మాత్రము తప్పినచో, సైన్యము జోలికి పోనేవలదు. ఆధార్ కేంద్రమునకు బోయి దానినే దిద్దించుకొనుడు. సరియైన పుస్తకమును తప్పు ఆధారునకు ఒప్పించుటకై ఏండ్లు గడపుట కంటె అవివేకము లేదు.

అర్జీ వ్రాయునప్పుడు సేవాసంఖ్యను మొదటి పంక్తిలోనే వ్రాయుడు. పేరు తప్పినను సంఖ్య తప్పదు. ఒంగోలులోని జిల్లా సైనికసంక్షేమ కార్యాలయము ద్వారా అర్జీ పంపుట మేలు. రికార్డు ఆఫీసులు దళమునుబట్టి వేఱువేఱు: మద్రాసు రెజిమెంటునకు నీలగిరులలోని వెల్లింగ్టను, మద్రాసు ఇంజనీర్లకు బెంగుళూరు, ఫిరంగిదళమునకు నాసిక్ రోడ్డు, సిగ్నల్సునకు జబల్పూరు. అచ్చట సవరణ జరిగిన పిమ్మట, ఇప్పుడు ప్రయాగరాజ్ అనబడు అలహాబాదులోని పింఛను లెక్కల కార్యాలయము సవరించిన పింఛను ఉత్తరువు నొసంగవలెను. ఈ రెండవమెట్టు మఱచినచో మొదటిమెట్టు వృథా. 2021నుండి వచ్చిన ‘స్పర్శ్’ అను కంప్యూటరు వ్యవస్థలోనికి పాతకాగితముల తప్పులును ఖాళీలును అట్లే ప్రవేశించినవి చాల కలవు. అందు మీ వివరములును సరిచూచుకొనుడు.

మూలప్రతిని ఎవరిచేతికిని విడువకుడు. మధ్యవర్తిచేతికి అసలే వలదు. పుస్తకమున మీ చేతితో ఒక్క అక్షరమైనను దిద్దకుడు. దిద్దిన పుస్తకము అనుమానమునకు పాత్రమగును. నకళ్లు తీసి స్పీడుపోస్టున పంపి రసీదు దాచుకొనుడు. ప్రత్యుత్తరము రాకున్నచో 2005 సమాచారహక్కు చట్టముక్రింద మీ పట్టిక నకలు నడుగవచ్చును. ముప్పది దినములలో బదులీయవలెను. అప్పటికిని న్యాయము జరుగకున్నచో 2007 చట్టముచే నేర్పడిన సాయుధదళముల ట్రిబ్యునలు కలదు. దాని చెన్నై పీఠము మన రాష్ట్రపు వ్యాజ్యములను విచారించును.

రెండు తీర్పులు జ్ఞప్తియం దుంచుకొనుడు. 2008లో తర్సేమ్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, పింఛను హక్కు ఆలస్యముచేత నశింపదని చెప్పుచునే, బకాయిని మూడేండ్లకు మాత్రము పరిమిత మొనర్చెను. 1983లో విడుదలయైన యా సైనికుడు 1999లో కోర్టు కెక్కెను. నడుమనున్న యేండ్ల సొమ్ము చేజాఱినది. 2013లో ధర్మవీర్ సింగ్ వ్యాజ్యమున, చేరునాటి పట్టికలో రోగము వ్రాయబడియుండనిచో సిపాయి ఆరోగ్యవంతుడుగనే చేరెనని భావింపవలెననియు, కాదని నిరూపించు భారము ప్రభుత్వముదే యనియు తీర్మానించిరి. పట్టికలో నున్న మాటయే కాదు, లేని మాటయు సాక్ష్యము పలుకును. కావున విడుదలకు కారణము, ఆరోగ్యశ్రేణి యను పంక్తులను మరల మరల చదువుడు.

అధికారులకు మా మనవి యొక్కటే. కార్యాలయమువారి చేతితప్పునకు వృద్ధురాలిచేత ప్రమాణపత్రము లడుగుట న్యాయము కాదు. తప్పు వ్రాసిన చేయియే దిద్దవలెను. ఆమె యిచ్చిన ప్రతి కాగితమునకు తేదీతో రసీదు నీయవలెను. ‘నెల్లూరు’ ఎట్లు ‘ప్రకాశం’ అయ్యెనో రుజువు చేయు భారము గ్రామీణుని తలపై మోపరాదు. ఆ మార్పు చేసినది ప్రభుత్వమే కదా.

ఈ పఠనమందిరమునకును ఒక మనవి. ఇచ్చట పత్రికలు చదువగలవారు కలరు. ఇంగ్లీషు తెలిసిన విద్యార్థులు కలరు. నెలకొక ఆదివారము ఒక బల్ల వేయుడు. ఊరి మాజీసైనికులను భార్యాసమేతముగ పిలువుడు. డిశ్చార్జి పుస్తకము, పింఛను ఉత్తరువు, ఆధార్, బ్యాంకు పుస్తకము నాలుగింటిని ప్రక్కప్రక్కన పెట్టి అక్షరమక్షరము పోల్చుడు. తేడా కన్పించినచో నాడే అర్జీ వ్రాసి యీయుడు. ఇందుకు చందాలు వలదు, అధ్యక్షులు వలదు. కండ్లద్దములు, ఓపిక చాలును.

సోదరులారా, మంచుకొండలమీద కాపలా కాచినవాడు తన పేరు సరిగ వ్రాయుమని కోరుట యాచన కాదు. అతడు శత్రువు నెదుట వెనుదిరుగలేదు. గుమాస్తా నెదుట మాత్రము సంకోచించెను. ఆ సంకోచమును అతడు బ్రతికియుండగనే తీర్చుకొనుగాక. నేడు ఇంటికి బోయి పెట్టె తెఱువుడు. పుస్తకమును ఇల్లాలిచేత చదివించుడు. ఆమెకు చదువు రాకున్నచో బిడ్డలచేత చదివించి వినిపింపుడు. అందున్న పేరు విని ‘ఔను, అది నేనే’ యని ఆమె యన్ననాడు మీ కొలువు నిజముగ ముగిసినది.