చక్కెర వ్యాధి మాత్రలు, మూత్రాశయంలో రాళ్లు



బెంగళూరులో ఏ పెద్దాసుపత్రికైనా పొద్దున ఏడు గంటలకు వెళ్లి, ఓపీ చీటీల వరుస దగ్గర కాసేపు నిలబడి చూడండి. సగం మాటలు మన మాటలే వినిపిస్తాయి. హిందూపురం నుంచి రైల్లో వచ్చినవాళ్లు, మదనపల్లె బస్సు దిగినవాళ్లు, చింతామణి, బాగేపల్లి, పావగడ నుంచి చీకటితోనే బయలుదేరినవాళ్లు. ప్రతివాళ్ల చేతిలో ఒక సంచి, అందులో పాత చీటీలు, ఎక్స్‌రేలు, మాత్రల అట్టలు. అలాంటి సంచిలోంచే ఒక పెద్దాయన ఓసారి కాగితం పొట్లం తీసి నా బల్ల మీద పెట్టారు. విప్పితే లోపల రేగిపండంత రాయి, పసుపు రంగుకు తిరిగి ఉంది. రెండు నెలల క్రితం ఇంకోచోట ఆపరేషన్ చేసి మూత్రాశయంలోంచి తీసిన రాయి అది. దాని పక్కనే మాత్రల అట్ట ఒకటి పెట్టి, "ఏం సార్, ఈ మాత్ర మింగినందుకే గదా ఈ రాయి పడింది?" అని అడిగారు.

పక్క మంచం రోగి ఎవరో ఆయనకు ఆ మాట చెప్పారట. ఆపరేషన్ అయిన నాటి నుంచి చక్కెర మాత్రలన్నీ మానేశారు. ఆ రోజు రక్తంలో చక్కెర 386. ఎడమ కాలి బొటనవేలి కింద పుండు పడి ఉంది. చెప్పు విప్పమని నేను అడిగేదాకా ఆ సంగతి ఆయనకే తెలియదు.

ఆయన పేరు, ఊరు చెప్పను. కానీ ఆయన అడిగిన ప్రశ్న మీలో చాలామందికి ఉంటుంది. తెలివితక్కువ ప్రశ్న అని కొట్టిపారేయడానికి లేదు, దాని వెనుక ఒక కథ ఉంది.

ఆ అట్ట మీద మందు పేరు పయోగ్లిటాజోన్. దీన్ని మగ ఎలుకలకు పెట్టి చూసిన పరీక్షల్లో కొన్నిటికి మూత్రంలో స్ఫటికాలు, రాళ్లు పడ్డాయి. ఆ రాళ్లు మూత్రాశయం గోడను రాపిడి పెట్టగా అక్కడ గడ్డలు పుట్టాయని శాస్త్రజ్ఞులు భావించారు. మేతలో ఆమ్లగుణం పెంచి రాళ్లు పడకుండా చూస్తే గడ్డలు కూడా తగ్గాయి. ఎలుక మూత్రం వేరు, మనిషి మూత్రం వేరు. ఈ మాత్ర వేసుకున్న మనుషులకు మూత్రాశయంలో రాళ్లు పడతాయని తేలలేదు.

అయితే మూత్రాశయపు క్యాన్సర్ భయం మాత్రం నిలిచిపోయింది. 2005లో ప్రచురించిన ఒక పెద్ద పరిశీలనలో ఈ మాత్ర వేసుకున్నవాళ్లలో 14 మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 6 మందికి ఆ క్యాన్సర్ కనిపించింది. 2011లో ఫ్రాన్స్ దీని వాడకాన్ని ఆపేసింది. మన దేశంలో 2013 జూన్‌లో అమ్మకం నిలిపేశారు. వైద్యుల్లో పెద్ద చర్చ నడిచింది, జులై 31న ఆ నిషేధాన్ని ఎత్తేశారు. హెచ్చరిక ముద్రించి అమ్మాలి, మొదటి మందుగా రాయకూడదు అని షరతులు పెట్టారు. 2015లో వెలువడిన పదేళ్ల అమెరికా పరిశీలన, ప్రమాదం పెరిగిందని గట్టిగా చెప్పేంత తేడా లేదంది. కాబట్టి ఇప్పటి మాట ఇది. మూత్రాశయ క్యాన్సర్ ఉన్నవాళ్లు ఈ మాత్ర వాడకూడదు, గుండె బలహీనమై కాళ్లు వాచేవాళ్లు వాడకూడదు. ఇది వాడుతుండగా మూత్రంలో రక్తం కనిపిస్తే, నొప్పి లేకపోయినా సరే, ఆ వారంలోనే డాక్టరుకు చూపించుకోవాలి. ఒక్కో మాత్రలో రెండు మూడు మందులు కలిపి అమ్ముతుంటారు గనుక, అట్ట వెనక్కి తిప్పి చిన్న అక్షరాల్లో ఏముందో చదివించుకోండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటారు కదా!

మిగతా మాత్రల సంగతి. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మూత్రాశయంలో రాళ్లు పుట్టించే మందులు కావు. ఈ మధ్య ఎక్కువగా రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు రక్తంలోని చక్కెరను మూత్రంలోకి తోసేస్తాయి. మూత్రం ఎక్కువగా అవుతుంది. వినగానే రాళ్లకు ఇవే కారణమేమో అనిపిస్తుంది. జరుగుతున్నది తిరగేసి ఉంది. ఈ మాత్రలు వేసుకునేవాళ్లలో మూత్రపిండాల రాళ్లు కొంత తక్కువే కనిపిస్తున్నాయి. వీటితో వచ్చే ఇబ్బంది వేరు. మర్మాంగాల దగ్గర దురద, బూజు పడుతుంది. ఆడవాళ్లు ఈ మాట చెప్పుకోలేక మాత్రే మానేస్తారు. అమ్మా, సిగ్గుపడకండి, దానికి పూతమందు ఉంది. ఇంకో మాట, ఏ ఆపరేషన్‌కైనా కనీసం మూడు రోజుల ముందు ఈ రకం మాత్రలు ఆపాలి కాబట్టి, ఇవి వాడుతున్నట్టు ఆ డాక్టరుకు ముందే చెప్పండి. వాటి బదులు ఏం వాడాలో కూడా ఆయన్నే అడగండి.

మరి రాయి ఎక్కడి నుంచి వచ్చింది?

మన ఊళ్లలో బోరు నీళ్లు పట్టే తొట్టి చూశారు కదా. రోజూ పైపైన ముంచుకుని, అడుగున రెండు చెంబుల నీళ్లు వదిలేస్తుంటే కొన్నాళ్లకు తెల్లటి పొర గట్టిగా పేరుకుంటుంది. మూత్రపిండాలు మూత్రాన్ని తయారుచేస్తాయి. అది వచ్చి నిలిచే తొట్టి మూత్రాశయం. తొట్టి పూర్తిగా ఖాళీ కాకపోతే అడుగున రాయి కడుతుంది. మీరు తాగే బోరు నీళ్ల ఉప్పే రాయి అవుతుందని కాదు సుమా, పోలిక కోసం చెప్పాను.

చక్కెర వ్యాధి ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే కాళ్ల నరాలు మొద్దుబారినట్టే మూత్రాశయం నరాలు కూడా మొద్దుబారతాయి. నిండిన సంగతి తెలియదు. వెళ్లినా పూర్తిగా బయటికి రాదు. నిలిచిన మూత్రంలో చీము పడుతుంది, చీము రాయికి దారి తీస్తుంది. పైగా చక్కెర వ్యాధి ఉన్నవాళ్లలో మూత్రం ఆమ్లగుణానికి తిరుగుతుంది. యూరిక్ ఆమ్లపు రాళ్లు అందులో సులువుగా కడతాయి. ఇవి మామూలు ఎక్స్‌రేలో కనిపించవు, స్కానింగ్‌లో కనిపిస్తాయి. వయసు మళ్లిన మగవాళ్లకు ప్రోస్టేట్ గ్రంథి పెరిగి దారి ఇరుకు చేయడం వీటన్నిటికన్నా పెద్ద కారణం. ఒకప్పుడు ఇవి సరైన తిండి లేని పేద పిల్లలకు ఎక్కువగా వచ్చే రాళ్లు. సుశ్రుతుడు వీటిని అశ్మరి అని పిలిచి, కోసి తీసే పద్ధతి కూడా చెప్పాడు. ఇప్పుడు మన దగ్గరకు వచ్చేవాళ్లు ఎక్కువగా అరవై దాటిన తాతలే.

ఆ పెద్దాయన సంచిలో నేను వెతికింది చక్కెర మాత్రల అట్ట కాదు. అడుగున ఇంకొకటి దొరికింది. అరికాళ్ల మంటలకు రాత్రిపూట వేసుకోమని ఎవరో రాసిన అమిట్రిప్టిలిన్. మంచి మందే, నరాల మంటకు పనిచేస్తుంది. కానీ మూత్రాశయం పిండుకునే శక్తిని తగ్గిస్తుంది. ప్రోస్టేట్ పెరిగినవాళ్లకు, మూత్రాశయం నరాలు దెబ్బతిన్నవాళ్లకు మూత్రం నిలిచిపోయేలా చేయగలదు. జలుబుకు అంగట్లో కొనే కొన్ని పాతరకం మాత్రలు కూడా అంతే. మాత్రకూ రాయికీ సంబంధం ఉందన్న ఆయన అనుమానంలో కొంత నిజం ఉంది, పట్టుకున్నదే వేరే అట్ట. మీరు వాడుతుంటే దాన్నీ సొంతంగా ఆపొద్దు. మూత్రం సన్నగా వస్తోంది, ఆగి ఆగి వస్తోంది, రాత్రి నాలుగైదు సార్లు లేవాల్సి వస్తోంది అని రాసిన డాక్టరుకే చెప్పండి. దాని బదులు ఇంకొకటి ఇవ్వగలరు. బొత్తిగా మూత్రం రాక పొత్తికడుపు ఉబ్బితే తెల్లవారేదాకా చూడకండి, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.

పరీక్ష కష్టమైనదేమీ కాదు. పొట్ట స్కానింగ్ చేసేటప్పుడు, మూత్రానికి వెళ్లొచ్చాక మళ్లీ ఒకసారి చూసి లోపల ఎంత మిగిలిందో కొలవమని అడగండి. ఈ రెండోసారి చూడడం తొందరలో చాలాచోట్ల వదిలేస్తారు. ఆయన పాత రిపోర్టులోనూ అది లేదు. మేము చూస్తే 240 మిల్లీలీటర్లు మిగిలి ఉంది. పెద్ద గ్లాసుడు అన్నమాట. రాయి తీశారు గానీ తొట్టి ఖాళీ కాని కారణాన్ని అలాగే వదిలేశారు. మళ్లీ రాయి కట్టక ఏమవుతుంది?

ఉలవకట్టు, అరటి దూట రసం, కొండపిండి ఆకు గురించి తప్పకుండా అడుగుతారు. కొండనే పిండి చేస్తుందని పేరున్న ఆకు మన చేల గట్ల మీదే ఉంటే అడగక ఏం చేస్తారు! ఉలవకట్టు తాగండి, రుచిగా ఉంటుంది, నాకూ ఇష్టం. కానీ రేగిపండంత రాయి దానితో కరిగిపోతుందని ఆరు నెలలు కూర్చోకండి. బస్సు ప్రయాణం ఉందని, దారిలో పోవడానికి చోటుండదని ముందు రోజు నుంచే నీళ్లు మానేసే ఆడవాళ్లను, గంటల తరబడి బిగబట్టుకునే డ్రైవర్లను రోజూ చూస్తుంటాను. తప్పు వాళ్లది కాదు, బస్టాండ్లది. అయినా బాధ పడేది మాత్రం వాళ్లే.

పెద్దాయన విషయానికి వస్తే, చక్కెరకు ఇన్సులిన్ మొదలుపెట్టాం. అరికాళ్ల మంటలకు మందు మార్చాం, ప్రోస్టేట్‌కు మాత్ర ఇచ్చాం. పయోగ్లిటాజోన్ నేనే ఆపేశాను. కాళ్లు వాచి ఉన్నాయి గనుక ఆపాను, రాయి కోసం కాదు. మిగతా మాత్రలు మళ్లీ వేసుకోమన్నాను. బొటనవేలు మాత్రం దక్కలేదు. మాత్రలు మానిన ఆ రెండు నెలల్లో పుండు ఎముకదాకా పోయింది.

నాలుగో నెలలో భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. స్కానింగ్‌లో మిగిలిన మూత్రం 60 మిల్లీలీటర్లకు తగ్గింది. "రాత్రి ఒక్కసారే లేస్తున్నాడు సార్, నాకూ నిద్ర పడుతోంది" అని ఆమె నవ్వింది. వెళ్లబోతూ ఆయన పొట్లం మళ్లీ తీశారు. "ఇంట్లో పెట్టుకుంటే మనవళ్లు ఆడుకుంటున్నారు, మీరే పెట్టుకోండి" అన్నారు. ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది.