డోర్నకల్ గుడిలో మేము కూర్చున్న ఆదివారం
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆదివాసీ సంస్కృతి మీద మాట్లాడమంటే చర్చి సంగతి ఎత్తుకున్నారేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ మన గూడేల్లో ఇప్పుడు ఒకే ఇంట్లో నాయనమ్మ వేల్పుల కొలుపుకు పోతుంది, కోడలు ప్రార్థనా మందిరానికి పోతుంది, మేనమామ సీఎస్ఐ గుడికి పోతాడు. ఎవరు ఎక్కడికి పోయినా ఇబ్బంది లేదు. ఒకరి చోట ఇంకొకరు అడుగు పెట్టకపోవడంతోనే ఇబ్బంది మొదలైంది. మా వైపు ఒక ఊళ్ళో, పేరు వద్దులెండి, ఒక ముసలామె చనిపోతే ఏ సంఘం వాళ్ళు పాతిపెట్టాలన్న తగువుతో పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా శవం మంచం మీదే ఉంది. తగువు పడ్డ ఇద్దరూ ఏసుప్రభువు బిడ్డలే. ఆమె వంశం వాళ్ళు డోలు తెచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ ఒక్కటై వద్దన్నారు.

అది చూశాక మేము ఎనిమిది మందిమి, వార్డెన్లం, టీచర్లం, ఇద్దరు కులపెద్దలు, మాది కాని ఆరాధనలో ఒకసారి కూర్చుని చూద్దామనుకున్నాం. మాలో ఐదుగురం చాపల మీద కూర్చుని డోలక్ మోతతో, చప్పట్లతో పాడే మందిరాల వాళ్ళం. ముగ్గురు వేల్పులను వదలనివాళ్ళు. పిల్లలను తీసుకుపోలేదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో చదివేవాళ్ళను వాళ్ళ ఇష్టం లేకుండా, మైనర్లయితే పెద్దవాళ్ళ ఒప్పుదల లేకుండా, ఏ ఆరాధనలోనూ కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెప్తుంది. హాస్టల్ నడిపేవాళ్ళందరూ గుర్తుంచుకోవలసిన సంగతి.

డోర్నకల్‌నే ఎందుకు ఎంచుకున్నామంటే, ఒకటి దగ్గర, కొత్తగూడెం నుంచి రైలుంది. రెండోది ఆ కట్టడం. 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగ రోజున ప్రతిష్ఠించిన ఆ గుడిలో స్తంభాలు చూస్తే మన మండపాలు గుర్తొస్తాయి, గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది, పైన సిలువ ఉంటుంది. కట్టించినవారు బిషప్ అజరయ్య గారు. తిరునల్వేలి వైపు పుట్టిన తమిళుడు, 1909లో ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. ఇక్కడివాళ్ళ భక్తి ఇక్కడి రూపంలో ఉండాలన్నది ఆయన పట్టుదల. ఆ రాళ్ళను చూస్తేనే తెలుస్తుంది.

ముందుగానే అయ్యగారిని కలిసి అడిగాం. రండి, కూర్చోండి, లేవాలనిపిస్తే లేవండి, ప్రభువు బల్ల సమయంలో మీ స్థలంలోనే ఉండవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు అన్నారు. ఈ ఒక్క ముక్క ముందే అడిగి తెలుసుకోవడం చాలా అవసరం. ఆ రొట్టె, ఆ రసం వాళ్ళకు ప్రాణంతో సమానం. చుట్టంగా పోయినవాళ్ళు వాటిని ఫలహారంలాగా చెయ్యి చాపి అడగకూడదు, మొహం తిప్పుకోనూ కూడదు.

ఆరాధన మొదలైంది. అందరి చేతిలో పుస్తకం. అయ్యగారు ఒక మాట చదివితే సంఘం ఒక మాట చదువుతుంది. లేస్తారు, కూర్చుంటారు, మోకరిస్తారు. మేము ఎప్పుడూ ఒక అడుగు వెనకే. మా మందిరంలో ప్రార్థన అంటే అందరూ ఒకేసారి గొంతెత్తి ఏడ్చి అడగడం. ఇక్కడ మధ్యలో పూర్తిగా నిశ్శబ్దం. మాలో ఒక టీచరమ్మ చెవిలో గొణిగింది, "ఇంత మెల్లగా అడిగితే దేవుడికి వినపడుతుందా?" అని. నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

అచ్చులో ఉన్న ప్రార్థన చదవడం చల్లటి పని అని మాలో చాలామందికి ముందు నుంచీ అభిప్రాయం. దాన్ని కదిలించింది మా కులపెద్ద. ఆయన ఏ చర్చిలోనూ అడుగు పెట్టిన మనిషి కాదు. "డోలి వాళ్ళు పడిగె పట్టుకుని మన వంశం కథ చెప్పేటప్పుడు సొంత మాట కలుపుతారా? తాత చెప్పింది చెప్పినట్టే చెప్తారు. వీళ్ళదీ అంతే" అన్నాడు. తాతల నుంచి వచ్చిన మాటను పొల్లుపోకుండా అప్పజెప్పడం కూడా భక్తేనని మందిరాల వాళ్ళమైన మాకు వేల్పుల మనిషి చెప్పాల్సి వచ్చింది.

మధ్యలో సమాధానం పంచుకునే ఘట్టం వచ్చింది. 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి సీఎస్ఐ అయిన తర్వాత తయారుచేసుకున్న ఆరాధన క్రమంలో దీన్ని పెట్టుకున్నారు. ఆ కలయిక కోసం ఏళ్ళ తరబడి పాటుపడ్డ అజరయ్య గారు దాన్ని చూడలేదు, 1945 జనవరి 1న పోయారు. జోడించిన చేతులను పక్కవాళ్ళ రెండు చేతుల మధ్య ఉంచుతారు. ఒక పెద్దామె మా కులపెద్ద వైపు తిరిగింది. "నేను మీవాణ్ణి కాదమ్మా" అన్నాడాయన. "తెలుసన్నా, అయినా తీసుకో" అంది. తీసుకున్నాడు, పక్కనున్న మాకు ఇచ్చాడు.

పాటల దగ్గర మాకు పరాయితనం పోయింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు మాకూ వచ్చు. పురుషోత్తమ చౌదరి గారివంటి పాత కీర్తనలు అన్ని సంఘాల నోళ్ళలోనూ ఉన్నాయి. వరస మాత్రం వేరు, వాళ్ళు సాగదీస్తారు, మేము పరుగెత్తిస్తాం. ఒక చరణంలో మేము వాళ్ళకన్నా ముందే ముగించేశాం.

లోటు కూడా చెప్పాలి. అంతసేపట్లో ఒక్క కోయ మాట, ఒక్క లంబాడీ మాట వినపడలేదు. మా మందిరాల్లోనూ అంతే, అక్కడా తెలుగే. దుమ్ముగూడెం కోయల మధ్య మిషన్ పని 1860లలోనే మొదలైంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా మన ముసలమ్మలు తమ భాషలో దేవుణ్ణి అడిగే చోటు ఇంటి మూల ఒక్కటే. బయటికి వచ్చాక అయ్యగారిని అడిగాం, సమాధి వేళ మా డోలు వాయిస్తే మీకు అభ్యంతరమా అని. కాసేపు ఆలోచించి, "ఇంటి దగ్గర, దారిలో మీరు వాయించండి, సమాధి దగ్గర మమ్మల్ని ప్రార్థన చేయనివ్వండి" అన్నారు. మాకు అది న్యాయంగానే తోచింది. మా కులపెద్దకు మాత్రం పూర్తిగా నచ్చలేదు, సమాధి దగ్గరే కదా డోలు మోగాల్సింది అంటాడు. ఆ మాటా తీసేయలేం.

తిరిగొచ్చాక మా చుట్టుపక్కల మూడు సంఘాల పాస్టర్లను, వడ్డెను ఒకచోట కూర్చోబెట్టాం. చావు ఇంట్లో ముందు వంశం మాట, తర్వాత సంఘం మాట అన్నంతవరకు ఒప్పుకున్నారు. వచ్చే విత్తనాల పండుగకు వచ్చి ఊరికే కూర్చోండి, మొక్కక్కర్లేదు, తినక్కర్లేదు అని పిలిచాం. ఇద్దరు వస్తామన్నారు. ఒకాయన రానన్నారు. పండుగకు ఇంకా నెలలుంది, మళ్ళీ పోయి అడుగుతాం.