టీకా, హృదయలయ, వైద్యధర్మము



మశూచికమును 1980 నాటికి భూమండలమునుండి తుడిచివేసినదియు, 2014లో మనదేశము పోలియోవిముక్తమని ధ్రువపత్రము నందుకొనుటకు కారణమైనదియు టీకాయే యని, నేడు పట్టములందుకొనుచున్న యువవైద్యులగు మీకు నేను చెప్పవలసిన పనిలేదు. అంతటి మహోపకారము చేసిన సాధనమువలన ఏ కొందరికో హాని సంభవించినప్పుడు, ఆ మాట పైకి చెప్పినచో జనులకు టీకాపై విశ్వాసము సడలునేమో యని సంకోచించువారు మన వృత్తిలో గలరు. ఆ సంకోచము సదుద్దేశజనితమే యైనను, ప్రమాదకరమని నా దృఢవిశ్వాసము.

2021లో ఇజ్రాయెల్‌లోను, పిదప అమెరికాలోను, కోవిడ్ నివారణకై ఎంఆర్‌ఎన్‌ఏ టీకా రెండవ డోసు వేయించుకొనిన యువకులు కొందరు, కొలదిదినములలోనే ఛాతీనొప్పితోను గుండెదడతోను ఆసుపత్రులకు రాసాగిరి. వారి రక్తమున ట్రోపోనిన్ పెరిగియుండెను. ఈసీజీలో మార్పులు కానవచ్చెను. ఇది హృత్కండరశోథ, అనగా హృదయకండరమునకు కలిగిన శోథ. హృదయకండరమునకు శోథ కలిగినప్పుడు దానిగుండ క్రమముగా ప్రసరింపవలసిన విద్యుత్ప్రేరణ త్రోవ తప్పుటయు, అందువలన లయ చెడుటయు సంభవించును. పెక్కుమందికి విశ్రాంతితోను సామాన్యౌషధములతోను నెమ్మదించినను, ఆ శోథ చల్లారకమునుపే తీవ్రవ్యాయామమునకు పూనుకొనినచో ప్రాణాంతకమైన లయభంగము కలుగవచ్చును గనుకనే, మూడునుండి ఆరు మాసములవరకు క్రీడలు మానవలసినదని హృద్రోగనిపుణులు ఆనాడు నిర్దేశించిరి.

ఇంగ్లండులో దాదాపు 3.8 కోట్లమంది వివరములను పరిశీలించిన అధ్యయన మొకటి 2022లో వెలువడినది. హృత్కండరశోథ, ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలలో నొకటియగు మోడెర్నా రెండవ డోసు పిమ్మట పది లక్షలమందిలో అదనముగా 10 మందికి కలుగగా, కోవిడ్ వ్యాధి సోకినవారిలో 40 మందికి కలిగెననియు, టీకాలలో లయభంగముతో సంబంధము కనబడినది ఆ మోడెర్నా రెండవ డోసునకు మాత్రమే యనియు అందు తేలినది. ఇంతటితో నిలిపి, వ్యాధికంటె టీకా మేలని చేతులు దులుపుకొనువారు అర్ధసత్యమే చెప్పుచున్నారు. ఏలయన నలుబదియేండ్ల లోపు పురుషులను వేరుగా లెక్కించినప్పుడు, ఆ డోసు పిమ్మటి ముప్పే వ్యాధివలని ముప్పును మించినదని ఆ పరిశోధకులే ప్రకటించిరి. స్వీడను, ఫిన్లండు దేశములు 2021 అక్టోబరులోనే యువకులకు మోడెర్నాను నిలిపి, మరియొక టీకాను కొనసాగించినవి. కెనడా డోసుల నడుమ వ్యవధిని పెంచుమని సూచించినది. హానిని దాచక ఒప్పుకొనుటచేతనే టీకా ప్రయోగము మరింత సురక్షితమైనది. నా మనస్సునకు మిక్కిలి తృప్తినిచ్చు అంశ మిదియే.

మనదేశమున అత్యధికులు పొందినవి కోవిషీల్డు, హైదరాబాదున తయారైన కోవాక్సిను. అవి ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు కావు. ఐనను అమెరికాలో చదువుకొనుచున్న మన పిల్లలు ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలనే వేయించుకొనిరి. వారిని గురించి గుంటూరులోనో కరీంనగరులోనో తల్లి మిమ్ము ప్రశ్నించినప్పుడు, భయపెట్టకుడు; భయమును పరిహసింపకుడు. టీకా పిమ్మటి దడ తరచుగా జ్వరమువలననో, ఆందోళనవలననో కలుగును. అప్పుడు నాడి వడిగా కొట్టుకొనినను లయ తప్పదు. కాని ఆ నిశ్చయమునకు రావలసినది పరీక్షించిన పిమ్మట. "అంతయు నీ భ్రమ" యని యువకుని పంపివేయుటకు ముందు ఈసీజీ తీయింపుడు. ఛాతీనొప్పి యున్నచో ట్రోపోనిన్ చూడుడు.

టీకానంతర దుష్ఫలితముల నివేదనకు మనదేశమున వ్యవస్థ గలదు. నివేదించుటకు టీకాయే కారణమని రుజువు కానక్కరలేదు, అనుమానము చాలును. కార్యకారణ నిర్ణయము నిపుణసంఘముల పని. రోగి చెప్పినదానిని ఓర్పుతో విని, తేదీతోను లక్షణములతోను నివేదనపత్రమున వ్రాసి జిల్లా అధికారికి పంపుట, మీరు రేపు ఏ మారుమూల ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున చేరినను, మీ పని.