మణికట్టు తప్పుట

నెల్లూరు తీరమున పడవను నెట్టువాడు గాని, తాటిచెట్టు నెక్కువాడు గాని పడినచో ముందుగా చేయి చాపును. శరీరభారమంతయు మణికట్టుపై పడును. అచ్చట రెండు వరుసలుగా ఎనిమిది చిన్న యెముకలు గలవు. నడుమనున్నది నెలవంక వంటిది. గట్టిదెబ్బకు సంధిబంధనములు తెగి, అది అరచేతివైపునకు దొర్లును. లేదా ఇరుగుపొరుగు ఎముకలే దానిని విడిచి వెనుకకు జరుగును.

చిక్కేమనగా, వాపే గాని వంకర అంతగా కనబడదు. బెణికినదని తైలము రాసి ఊరకుందురు. సామాన్యుల మాట యటుండనిండు. 1993లో ప్రకటితమైన యొక విదేశీ పరిశీలనలో 166 గాయములలో నాల్గవవంతు తొలుత వైద్యులకే అంతుచిక్కలేదు! ఎదుటినుండి తీసిన ఎక్స్‌రే చాలదు. ప్రక్కనుండి తీసినదానిలో ఆ యెముక ఒరిగిన టీకప్పువలె అగపడును. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కినచో నరము నొక్కుకొన్నదని యెంచి ఆనాడే ఆసుపత్రి చేరవలెను.

పుత్తూరు కట్టునకు మన ప్రాంతమున గల పేరు చిన్నది కాదు. అయినను తెగిన బంధనములను పైకట్టు కలుపజాలదు. ఎముకను స్వస్థానమున చేర్చి, పిదప శస్త్రచికిత్సచే బంధనములను కుట్టి, సన్నని తీగలతో నిలుపుదురు. వారములు గడచినకొలది ఈ పని కఠినమగును. సకాలమున చేసినను కొంత బిగువు మిగులవచ్చును. వల లాగువానికి పట్టు తిరిగి వచ్చుటకు నెలలు పట్టును.