మాట్లాడి తీరాలా?



2021 ఫ్రెంచ్ ఓపెన్‌లో నవోమి ఒసాకా తొలి మ్యాచ్ గెలిచి కూడా విలేకరుల ముందుకు రాలేదు. 15,000 డాలర్ల జరిమానా వేశారు; ఇలాగే కొనసాగితే పోటీ నుంచే తప్పించవచ్చని హెచ్చరించారు. 2018 నుంచి కుంగుబాటుతో బాధపడుతున్నానని చెప్పి, మర్నాడే ఆమె తప్పుకుంది.

“ప్రైజుమనీ పుచ్చుకున్నాక జవాబు చెప్పాలిగా, తాతయ్యా!” అన్నాడు మా మనవడు. నిజమే, నిబంధన ఉండాలి. కానీ నా సర్వీసులో ఒకసారి లెక్క తేలనప్పుడు అధికారి అందరి ముందు నిలదీస్తే నాకు నోట మాట రాలేదు. మర్నాడు సంజాయిషీ రాసిచ్చాను. తప్పు నాది కాదని తేలింది.

ఒంట్లో బాగోకపోతే మనకు మెడికల్ లీవు ఉండేది. మనసు బాగోలేని క్రీడాకారులకూ అటువంటి వెసులుబాటు ఉండాలి. వారి జవాబు కాగితం మీద తీసుకుంటే చాలు. ఇదే నా మనవి. సెలవు.