ఒక్క రోజు కింగ్‌స్టన్: రెగే పుట్టిన వాకిట్లో నేను డిలీట్ చేసిన వీడియో

ఈ ఎపిసోడ్‌కి నేను ముందు అనుకున్న టైటిల్ వేరే. "ప్రపంచంలోనే డేంజరస్ బస్తీలో ఒక తెలుగోడు" అని. థంబ్‌నెయిల్ కూడా రెడీ: నా మొహం, భయపడుతున్న ఎక్స్‌ప్రెషన్, వెనకాల ఎర్ర రంగు. అది మీకు కనిపించదు. ఎందుకు కనిపించదో చివర్లో చెప్తా. ముందు రోజంతా ఎలా గడిచిందో చూద్దాం.

మా అక్కా బావా ఫ్లోరిడాలో ఉంటారు. వాళ్ళతో కలిసి జమైకా వెళ్ళాం. మయామి నుంచి విమానంలో రెండు గంటలు కూడా పట్టదు. అందరిలాగే మేమూ ఉత్తరం వైపు, ఓచో రియోస్‌లో బీచ్ పక్కనే దిగాం. మూడో రోజుకి నాకు బోర్ కొట్టింది. "కింగ్‌స్టన్ వెళ్ళొస్తా" అన్నా. అక్క, "ఒరేయ్, గూగుల్‌లో చూశావా ఆ ఊరి గురించి? ఒక్కడివే వద్దు" అంది. ఆఖరికి రాజీ ఏంటంటే ప్రైవేట్ డే టూర్. కారు, డ్రైవర్, గైడ్ అన్నీ ఒక్కరే. ఆయనకి అరవై దాటి ఉంటాయి. పేరు వీడియోలో వద్దన్నారు, కాబట్టి గైడ్ గారు అనే అంటా.

పొద్దున్నే బయల్దేరాం. 2016లో తెరిచిన టోల్ హైవే ఉంది, కొండల మధ్యలోంచి నేరుగా దక్షిణానికి దిగుతుంది. అక్కడా మనలాగే ఎడమ పక్కన నడుపుతారు, అందుకని కొత్తగా అనిపించదు. గంటన్నరలో కింగ్‌స్టన్‌లో ఉన్నాం.

ఫస్ట్ స్టాప్, 56 హోప్ రోడ్. బాబ్ మార్లే ఇల్లు. 1975 నుంచి ఆయన ఇక్కడే ఉన్నాడు. 1981లో 36 ఏళ్ళకే క్యాన్సర్‌తో పోయాక, భార్య రీటా మార్లే 1986లో ఈ ఇంటిని మ్యూజియం చేసింది. లోపల వీడియో తీయనివ్వలేదు, అందుకే నోటితోనే చెప్తున్నా. గోడలో బుల్లెట్ రంధ్రాలు అలాగే ఉంచారు. 1976 డిసెంబర్ 3 రాత్రి తుపాకులతో లోపలికి వచ్చారు. అప్పుడు అక్కడ ఎన్నికల వేడి, రెండు పార్టీల మనుషులు వీధుల్లో కాల్చుకుంటున్న రోజులు. మార్లే ఒక ఫ్రీ కన్సర్ట్ ఒప్పుకున్నాడు, అది అధికార పార్టీకి మద్దతు అని కొందరు అనుకున్నారు. రీటాకి తలకి తగిలింది, మేనేజర్‌కి ఇంకా ఎక్కువ తగిలాయి, మార్లేకి ఛాతీని రాసుకుంటూ వెళ్ళి చేతిలో దిగింది. అందరూ బతికారు. రెండు రోజుల తర్వాత, డిసెంబర్ 5న, కట్టుతోనే స్టేజ్ ఎక్కాడు. నాకు జలుబు చేస్తే షూట్ క్యాన్సిల్ చేస్తా ఫ్రెండ్స్. ఆ గోడ ముందు కొంచెం సిగ్గేసింది.

అక్కడి నుంచి ఐదు నిమిషాల్లో డెవన్ హౌస్. తెల్లటి పెద్ద బంగళా, 1881లో కట్టింది. కట్టింది ఏ ఇంగ్లీష్ దొరో కాదు. జార్జ్ స్టీబెల్ అని, వెనిజులా బంగారు గనుల్లో సంపాదించి, జమైకాలో మొదటి నల్లజాతి మిలియనీర్లలో ఒకడైనవాడు. అక్కడ బానిసలకి పూర్తి విముక్తి వచ్చింది 1838లో. అంటే 43 ఏళ్ళలోనే ఒక నల్లజాతి మనిషి ఆ బంగళా కట్టాడు. ఇప్పుడు ఊరంతా అక్కడ ఐస్‌క్రీమ్ కోసం లైన్ కడుతుంది. నేను రెండు తిన్నా, రివ్యూ అంతే.

తర్వాత న్యూ కింగ్‌స్టన్‌లో ఎమాన్సిపేషన్ పార్క్. 2002లో తెరిచారు. గేట్ దగ్గర లారా ఫేసీ చేసిన కంచు విగ్రహాలు, ఒక ఆడమనిషి, ఒక మగమనిషి, ఒంటి మీద బట్టల్లేకుండా, తలలు ఆకాశం వైపు ఎత్తి నిలబడి ఉంటారు. 2003లో పెట్టినప్పుడు పెద్ద గొడవే అయిందట. గైడ్ గారు ఒక్క మాటే అన్నారు: "సంకెళ్ళు లేవు, అది చూడు." నేను చూసింది వేరే, ఆయన చూపించింది వేరే.

ఇప్పుడు సౌత్ క్యాంప్ రోడ్. ఈ ఒక్క రోడ్డు మీద నాకు రెండు షాకులు. ఒకటి, సబీనా పార్క్ క్రికెట్ గ్రౌండ్. 2019 ఆగస్టులో మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి టెస్టుల్లో మొదటి సెంచరీ కొట్టింది ఇక్కడే. 111 కొట్టి, చిన్నప్పుడే పోయిన వాళ్ళ నాన్నకి అంకితం ఇచ్చాడు. కారు ఆపించి గేట్ ముందు ఫొటో దిగా. గైడ్ గారికి విహారి పేరు తెలీదు, బుమ్రా పేరు మాత్రం బాగా తెలుసు. అదే మ్యాచ్‌లో హ్యాట్రిక్ తీశాడు కదా, మర్చిపోలేదు ఆయన!

రెండోది ఆల్ఫా స్కూల్. 1880లో మొదలైంది. కాథలిక్ సిస్టర్లు నడిపిన చోటు, అనాథ పిల్లలకి, ఇంట్లో చూసుకోలేని పిల్లలకి. అక్కడ ప్రింటింగ్, టైలరింగ్‌తో పాటు బ్యాండ్ నేర్పేవాళ్ళు. సిస్టర్ ఇగ్నేషియస్ అనే నన్ దగ్గర పెద్ద రికార్డుల కలెక్షన్ ఉండేది. వారాంతాల్లో ఆమే పిల్లలకి డీజే. ట్రాంబోన్ డాన్ డ్రమండ్, సాక్సోఫోన్ టామీ మెక్‌కుక్, ఇలా స్కాటలైట్స్ బ్యాండ్‌లో ముఖ్యమైన నలుగురు ఈ స్కూల్ పిల్లలే. 1962లో జమైకాకి స్వాతంత్ర్యం, 1964లో స్కాటలైట్స్. స్కా అనే హుషారు బీట్ అలా ఊరంతా పాకింది. తర్వాత అది నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది, ఇంకా బరువెక్కి రెగే అయింది. రెగే అనే మాట పాట పేరులో మొదట కనిపించింది 1968లో, టూట్స్ అండ్ ద మేటల్స్ పాటలో.

డౌన్‌టౌన్‌లో ఆరెంజ్ స్ట్రీట్. ఒకప్పుడు దీన్ని బీట్ స్ట్రీట్ అనేవారు, అన్ని రికార్డు షాపులు ఉండేవి. ఇప్పుడు చాలా వరకు షట్టర్లే. మన ఛానల్లో ఎక్కువమంది బీటెక్ బ్యాచే కాబట్టి ఇక్కడ ఒక నిమిషం ఆగుదాం, ఇది నాకు మస్తు నచ్చిన పార్ట్.

రెగేలో రిడిమ్ అని ఒకటి ఉంటుంది. బేస్, డ్రమ్స్ కలిసిన అసలు ట్రాక్. దాని మీద ఎవరైనా కొత్త పాట పాడొచ్చు. స్టూడియో వన్‌లో 1967లో చేసిన రియల్ రాక్ అనే రిడిమ్ మీద ఇప్పటికి వందల పాటలు వచ్చాయి. అంటే అది ఒక లైబ్రరీ. ఇంపోర్ట్ చేసుకో, నీ కోడ్ రాసుకో. ఇక వాటర్‌హౌస్ ఏరియాలో కింగ్ టబ్బీ అని ఒకాయన ఉండేవాడు. సింగర్ కాదు, ఎలక్ట్రానిక్స్ మెకానిక్. రేడియోలు రిపేర్ చేసి, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాడు. ఆయన పాటలోంచి గొంతు తీసేసి, బేస్ పెంచి, ఎకో కలిపి, మిక్సింగ్ బోర్డునే వాయిద్యంలా వాడాడు. దానికే డబ్ అని పేరు. ఈ రోజు మనం రీమిక్స్ అనేదానికి తాతల్లో ఆయనొకడు. 1989లో ఇంటి బయటే ఎవరో కాల్చి చంపారు.

కానీ ఇందులో ఒక చేదు కూడా ఉంది. ఆ రిడిమ్ వాయించిన చాలామందికి ఆ రోజు కూలి తప్ప ఇంకేం రాలేదు. రికార్డు మీద ప్రొడ్యూసర్ పేరు, పాడినవాడి పేరు. బేస్ వాయించినవాడి పేరు చాలాసార్లు లేదు. నేను నాలుగేళ్ళు కోడ్ రాశా ఫ్రెండ్స్. లాంచ్ రోజు ఎవరి పేరు స్లైడ్ మీద ఉంటుందో నాకు తెలుసు. వింటుంటే ఎక్కడో గుచ్చుకుంది.

ఇప్పుడు ట్రెంచ్ టౌన్. నేను థంబ్‌నెయిల్ కోసం ఎదురుచూసిన చోటు.

కారు మలుపు తిరగగానే ఫోన్ కిటికీలోంచి బయట పెట్టా. ఒక రేకుల గుమ్మం, గుమ్మంలో ఒక మామ్మ, ఏదో ఒలుచుకుంటోంది. ఇరవై సెకన్లు తీశా. జూమ్ కూడా చేశా. ఆమె చూసింది. తిట్టలేదు. లేచి తలుపు దగ్గరగా వేసుకుంది, అంతే.

గైడ్ గారు కారు పక్కకి ఆపారు. కోప్పడలేదు కానీ అద్దంలోంచి సూటిగా చూసి, "నేను ఈ రెండు వీధుల అవతలే పుట్టా. మీ ఇంటి గుమ్మం దగ్గరికి కారులో ఎవరో వచ్చి మీ అమ్మని ఇలా తీస్తే ఏం చేస్తావు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. చాలా కోపం వస్తుందని మాత్రం తెలుసు. "సారీ సర్" అన్నా. "నాకెందుకు సారీ" అన్నారు.

దిగి వెనక్కి నడిచా. ఆయనా వచ్చారు. తలుపు కొట్టి, ఆమె ముందే ఆ క్లిప్ చూపించి డిలీట్ చేశా. రీసెంట్లీ డిలీటెడ్ ఫోల్డర్‌లోంచి కూడా తీయమని ఆమే చెప్పింది! మామ్మకి నాకన్నా బాగా తెలుసు ఫోన్. తర్వాత నవ్వి, ఎక్కడి నుంచి అని అడిగింది. ఇండియా అంటే, వాళ్ళ తాతమ్మ ఇండియన్ అంది.

ఇది అక్కడ వింత కాదు. 1845 మే 10న మొదటి ఓడలో భారతీయ కూలీలు జమైకాలో దిగారు. 1917 వరకు దాదాపు 36 వేల మంది వెళ్ళారు, చెరకు తోటల్లోకి. ఎక్కువమంది ఉత్తరాది వాళ్ళే, కొందరు మన మద్రాసు వైపు వాళ్ళు. అక్కడ మేక కూరని ఇప్పటికీ కర్రీ గోట్ అంటారు. గంజా అనే మాట కూడా మన వాళ్ళతో వెళ్ళిందే, మన గంజాయి మాటే. జమైకా 2015లో రెండు ఔన్సుల లోపు దగ్గర ఉంచుకోవడాన్ని క్రిమినల్ నేరం కాకుండా చేసింది. అది అక్కడ. ఇక్కడ మన ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది, బ్యాగులో చిన్న పొట్లం తెచ్చినా జైలే. జోకులొద్దు.

కల్చర్ యార్డ్‌కి వెళ్ళాం. లోవర్ ఫస్ట్ స్ట్రీట్‌లో ఉంది. మధ్యలో ఒక వాకిలి, చుట్టూ ఒక్కొక్క గది ఇళ్ళు, అందరికీ కలిపి వంటిల్లు. ప్రభుత్వం కట్టింది కాబట్టి గవర్నమెంట్ యార్డ్ అనేవారు. ఇక్కడే విన్సెంట్ ఫోర్డ్ ఉండేవాడు, అందరూ టాటా అని పిలిచేవారు. రెండు కాళ్ళూ లేవు, వీల్ చెయిర్. ఆకలితో వచ్చిన పిల్లలకి వండి పెట్టేవాడు. ఆ పిల్లల్లో మార్లే ఒకడు. పక్కనే థర్డ్ స్ట్రీట్‌లో జో హిగ్స్ అనే సింగర్ ఉండేవాడు. మార్లే, పీటర్ టోష్, బన్నీ వైలర్, ముగ్గురికీ తన వాకిట్లో డబ్బు తీసుకోకుండా పాట నేర్పాడు. గురువు పేరు మనలో ఎంతమందికి తెలుసు? నాకు ఆ రోజు దాకా తెలీదు.

నో ఉమన్ నో క్రై అందరూ వినే ఉంటారు, 1974లో వచ్చిన పాట. దాని రచయితగా ఉన్న పేరు మార్లేది కాదు, విన్సెంట్ ఫోర్డ్‌ది. నిజంగా ఎవరు రాశారో అన్నదాని మీద చాలా వాదనలు, కోర్టు కేసులు నడిచాయి. కానీ పేరు అలాగే ఉంది. ఆ రాయల్టీ డబ్బుతోనే ఆయన వంటశాల నడిచిందని అక్కడ చెప్తారు. ఆరెంజ్ స్ట్రీట్‌లో పేరు లేని బేస్ ప్లేయర్ గుర్తున్నాడా? ఇక్కడ దానికి పూర్తి రివర్స్. అన్నం పెట్టినవాడి పేరు పాట మీద వేశారు.

ఆ వాకిట్లో అడిగి తీశా వీడియో. కల్చర్ యార్డ్ వాళ్ళే చూపించారు, తుప్పు పట్టిన పాత వోక్స్‌వ్యాగన్ వ్యాన్, గదులు, గిటార్. మీరు ఇప్పుడు చూస్తున్నది అదే. టికెట్ డబ్బు ఆ బస్తీకే వెళ్తుంది.

వెనక్కి వచ్చేటప్పుడు మార్కస్ గార్వీ డ్రైవ్ మీద టఫ్ గాంగ్ స్టూడియో. 2015లో యునెస్కో కింగ్‌స్టన్‌ని సంగీత నగరం అంది, 2018లో రెగేని ప్రపంచ వారసత్వ కళల లిస్టులో పెట్టింది. స్టూడియో గోడకి ఆనుకుని నేను మాత్రం ఆ మూసుకున్న తలుపు గురించే ఆలోచిస్తున్నా.

వెళ్ళాలనుకునేవాళ్ళకి గబగబా టిప్స్. ఎర్ర నంబర్ ప్లేట్ ఉన్న బండే ఎక్కండి, అదే లైసెన్స్ ఉన్న టాక్సీ. ఎంట్రీ టికెట్లు టూర్ రేటులో కలిశాయా లేదా ముందే రాతపూర్వకంగా అడగండి, నాది కలవలేదు, జేబు చిల్లు పడింది. అక్కడ కరెంట్ 110 వోల్టులు, అమెరికా టైప్ ప్లగ్, అడాప్టర్ పట్టుకెళ్ళండి. మనకన్నా పదిన్నర గంటలు వెనక, ఇంటికి ఫోన్ చేసేటప్పుడు చూసుకోండి. ట్రెంచ్ టౌన్‌కి మాత్రం ఊరి మనిషితోనే వెళ్ళండి. భయం కోసం కాదు, ఏ గుమ్మం ముందు ఫోన్ జేబులో పెట్టాలో మీకు చెప్పడానికి.

రాత్రి ఓచో రియోస్ చేరాక అక్క అడిగింది, "డేంజర్‌గా ఉందా?" అని. "ఉంది, నేనే" అన్నా. తనకి అర్థం కాలేదు. మీకు అర్థమైందనుకుంటా.

కొత్త థంబ్‌నెయిల్‌లో వాకిలి ఒక్కటే ఉంది. వ్యూస్ తగ్గుతాయేమో, పర్లేదు. మీ ఊళ్ళో డబ్బు తీసుకోకుండా పాటో, ఆటో, చదువో నేర్పిన మనిషి ఎవరైనా ఉంటే కామెంట్‌లో ఆయన పేరు రాయండి, ముందు వాళ్ళని అడిగి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.