పాత స్ప్లెండరా? కొత్త స్ప్లెండరా?

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మోటారు సైకిలు సంగతి మగవాళ్ళది, మనకెందుకులే అనుకుంటాం. కాని బండికి డబ్బు చాలనప్పుడు చీటీ పాడవలసిందీ, గాజులు తీసి ఇవ్వవలసిందీ మనమే కదా! వెనక సీటు మీద కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చునేదీ మనమే. అందుచేత ఏ బండి కొనాలన్న నిర్ణయంలో మనకూ ఒక మాట ఉండాలి.

మన ఆదోనిలోగాని, ఎమ్మిగనూరులోగాని స్ప్లెండరు కనిపించని వీధి లేదు. పత్తి మార్కెట్టు ముందు చూసినా అదే, మగ్గాల వీధిలో చూసినా అదే. హీరో హోండా వారు దీన్ని 1994లో తెచ్చారు. 2011లో ఆ కంపెనీ పేరు హీరో మోటోకార్ప్ అయింది. బండి పేరు మారలేదు, రూపమూ పెద్దగా మారలేదు. అందుకే పాత బండి అమ్మేవాళ్ళు, "అదే బండి కదమ్మా, తేడా ఏముంది?" అంటారు. తేడా ఉంది. పైకి కనిపించదు, అంతే.

మూడు తేదీలు గుర్తుంచుకోండి. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకు పగలు కూడా ముందు దీపం వెలుగుతూనే ఉంటుంది, ఎదుటివాళ్ళకు కనబడాలని. 2019 ఏప్రిల్ నుంచి బ్రేకులు మారాయి. 2020 ఏప్రిల్ నుంచి ఇంజనుకు పెట్రోలు అందే పద్ధతే మారింది.

ముందు బ్రేకు మాట చూద్దాం. 125 సి.సి. వరకు ఉన్న కొత్త బండ్లలో రెండు బ్రేకులూ కలిసి పనిచేసే ఏర్పాటు ఉండాలని నిబంధన వచ్చింది. స్ప్లెండరులో కాలి బ్రేకు తొక్కితే వెనక చక్రంతోబాటు ముందు చక్రానికీ కొంత పట్టు అందుతుంది. ఉన్నట్టుండి గేదె అడ్డం వస్తే చాలామంది కంగారులో కాలి బ్రేకు ఒక్కటే తొక్కుతారు. వెనక చక్రం ఒక్కటే బిగుసుకుంటే బండి పక్కకు జారుతుంది. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు సుమారు 30 కిలోమీటర్లు. నల్లరేగడి నేలలు. వానపడిన నాడు పొలాల్లోంచి ట్రాక్టర్లు మోసుకొచ్చిన బంకమన్ను రోడ్డుమీద ఎంత జారుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. అక్కడ ఈ చిన్న ఏర్పాటు విలువ తెలుస్తుంది.

ఇక ఇంజను సంగతి. పాతదాంట్లో కార్బురేటరు ఉంటుంది. అది మన వెనకటి పంపుస్టవ్వు వంటిది. మూసుకుపోతే విప్పి, ఊది, శుభ్రం చేసి బిగిస్తే మళ్ళీ పనిచేస్తుంది. చెట్టుకింద మెకానిక్కు కూడా చేయగలడు. కొత్తదాంట్లో చిన్న కంప్యూటరు కొలత చూసి పెట్రోలు చిమ్ముతుంది. చలిపొద్దున కూడా తొందరగా స్టార్టవుతుంది, పొగ తక్కువ. పెట్రోలులో గంధకం కూడా పది లక్షల పాళ్ళలో 50 నుంచి 10 పాళ్ళకు తగ్గించారు. అయితే పెట్రోలు పంపు కరెంటుతో నడుస్తుంది కాబట్టి బ్యాటరీ బాగుండాలి. మరమ్మతుకు కంప్యూటరుతో పరీక్షించే మెకానిక్కు కావాలి. పల్లెకు కోడలిగా వెళ్ళిన అమ్మాయికి బండి కొనిపెడుతుంటే, అటువంటి మెకానిక్కు ఎంత దూరంలో ఉన్నాడో ముందు కనుక్కోండి.

మరొక విషయం. ఈనాడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్ల భాగాలు దానికి తట్టుకునేలా చేసినవి. అంతకు ముందువి కొంటే రబ్బరు గొట్టాలు, వాషర్లు చూపించుకోండి. టాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంచకండి.

మరి ఏది కొనాలి? నా మాట ఇది. రోజూ ఇద్దరూ ఊరి నుంచి ఊరికి తిరిగేవాళ్ళయితే, ఎంత చవకగా వచ్చినా 2019 ఏప్రిల్ కంటే ముందుది వద్దు. కొత్తదానికి డబ్బు చాలకపోతే 2019 ఏప్రిల్ నుంచి 2020 మార్చి లోపల తయారైన కార్బురేటరు బండి వెతకండి. అందులో కొత్త బ్రేకు ఉంటుంది, పాత మరమ్మతు సులువూ ఉంటుంది. ఊళ్ళోనే బజారుకూ బడికీ అయితే, బాగా చూసుకున్న పాత బండి చాలు. డబ్బుంటే కొత్తదే మేలు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ తరగతి బండ్లపై జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18కి తగ్గింది కూడా.

పాతది కొంటే చెప్పిన ధర ఒక్కటే చూడకండి. టైర్లు, చైను, బ్యాటరీ, ఇన్సూరెన్సు ఖర్చు కలిపి కాగితం మీద వేసుకోండి. కొత్తదానికి అయిదేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు, జీవితకాల పన్ను లెక్కలో కలపండి. అప్పుడు అసలు తేడా తెలుస్తుంది. ఆర్.సి.లో తయారైన నెల, సంవత్సరం చూడండి. రిజిస్ట్రేషను 15 ఏళ్ళు, ఆపైన అయిదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. ఫైనాన్సు బాకీ తీరినట్టు కాగితం అడగండి. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు చేయించి, ఆర్.సి. మీ ఇంటివాళ్ళ పేరుకు వెంటనే మార్పించండి. "తర్వాత చూద్దాంలే" అంటే ప్రమాదం జరిగిన రోజున ఇబ్బంది పడేది మనమే.

చివరగా, పాతదైనా కొత్తదైనా వెనక చక్రం పక్కన శారీ గార్డు ఉందో లేదో చూడండి. అందం చెడిందని కుర్రవాళ్ళు పీకేస్తుంటారు. వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగం కప్పే కవచం, పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకునే ఆనువు ఉండాలని 1989 నాటి మోటారు వాహనాల నియమాలే చెబుతున్నాయి. లేకపోతే బిగించి ఇస్తేనే డబ్బు చేతిలో పెట్టండి. అలాగే బండితో ఒకటి కాదు, రెండు హెల్మెట్లు ఇంటికి రావాలి. రెండోది మనకు.